ఎలక్ట్రాన్ వాహకాలు, ఏటీపీ లెక్క: తరచుగా అడిగే ప్రశ్నలు

కణ శ్వాసక్రియ పాఠం చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచీ నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఒకే చోట తిరుగుతుంటాయి. ఒక గ్లూకోజ్‌కి ఎన్ని ఏటీపీలు (కణం తన పనులకు ఖర్చుపెట్టే శక్తి అణువులు), ఎన్ఏడీహెచ్‌కి ఎక్కువ వచ్చి ఎఫ్ఏడీహెచ్2కి తక్కువ ఎందుకు వస్తాయి, ఒక పుస్తకంలో 38 అని ఉంటే ఇంకో పుస్తకంలో 32 అని ఎందుకుంది. అవన్నీ ఒకచోట పెట్టాను. వరుసగా చదవకపోయినా పర్లేదు, ఐదో ప్రశ్న మాత్రం వదలొద్దు. మిగతావన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి.

1. ఎలక్ట్రాన్ వాహకం అంటే అసలు ఏమిటి?

ఒకచోట ఎలక్ట్రాన్లు తీసుకుని ఇంకోచోట అప్పజెప్పే అణువు. తీసుకున్నప్పుడు అది క్షయకరణం చెందుతుంది, ఇచ్చేశాక ఆక్సీకరణం చెంది ఖాళీ అవుతుంది, ఖాళీ అయ్యాక మళ్లీ నింపుకోవడానికి వెనక్కి వెళ్తుంది. ఎన్ఏడీ ప్లస్ రెండు ఎలక్ట్రాన్లనూ ఒక ప్రోటాన్‌నూ తీసుకుని ఎన్ఏడీహెచ్ అవుతుంది. ఎఫ్ఏడీ అయితే రెండు ఎలక్ట్రాన్లనూ రెండు ప్రోటాన్లనూ తీసుకుని ఎఫ్ఏడీహెచ్2 అవుతుంది. చాలామంది ఈ రెండు పేర్లే చెబుతారు గానీ, మైటోకాండ్రియా లోపలి పొరలో తిరిగే కోఎంజైమ్ క్యూ, ఆ పొర బయటి అంచున కదిలే సైటోక్రోమ్ సి కూడా వాహకాలే.

ఒక తేడా ఇప్పుడే పట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఎన్ఏడీహెచ్ ఎంజైమ్‌ను వదిలి స్వేచ్ఛగా తిరుగుతుంది. ఎఫ్ఏడీ అలా కాదు, తన ఎంజైమ్‌కే అతుక్కుని ఉంటుంది. బొమ్మల్లో ఎఫ్ఏడీహెచ్2 క్రెబ్స్ వలయం (మైటోకాండ్రియా లోపల గ్లూకోజ్ ముక్కల్ని చివరిదాకా విప్పే చర్యల చక్రం) నుంచి బయల్దేరి ఎలక్ట్రాన్ రవాణా గొలుసు (ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ దాకా చేతులు మార్చే, లోపలి పొరలోని ప్రోటీన్ సముదాయాల వరుస, వీటినే కాంప్లెక్స్‌లు అంటారు) దాకా నడిచి వెళ్లినట్టు బాణం గీస్తారు, నిజానికి అలాంటి ప్రయాణమే లేదు. క్రెబ్స్ వలయంలో మనం చదివే సక్సినేట్ డీహైడ్రోజినేజ్, గొలుసులో మనం చదివే కాంప్లెక్స్ 2, రెండూ ఒకటే. ఆ ఎంజైమ్ పొరలోనే పాతుకుని ఉంటుంది, సక్సినేట్ నుంచి తీసుకున్న ఎలక్ట్రాన్లు దాని లోపలి నుంచే కోఎంజైమ్ క్యూకి చేరిపోతాయి.

2. గ్లూకోజ్‌లోని శక్తి నేరుగా ఏటీపీగా మారొచ్చు కదా, మధ్యలో ఇవెందుకు?

ఒక మోల్ గ్లూకోజ్ పూర్తిగా ఆక్సీకరణం చెందితే ప్రామాణిక పరిస్థితుల్లో సుమారు 2840 కిలోజౌల్స్ వస్తాయి. ఒక మోల్ ఏటీపీ తయారవడానికి అదే లెక్కలో 30.5 కిలోజౌల్స్ చాలు, కణం లోపలి అసలు పరిస్థితుల్లో అయితే 50 దాకా కావాలి. అంత పెద్ద మొత్తం ఒక్కసారిగా విడుదలైతే ఏటీపీ పట్టుకోగలిగేది ఏమీ ఉండదు, అంతా వేడిగా పోతుంది. అందుకే కణం గ్లూకోజ్‌ను కొంచెం కొంచెంగా విప్పుతూ, విప్పిన ప్రతిచోటా ఎలక్ట్రాన్లను జతలు జతలుగా వాహకాలకు ఎక్కిస్తుంది.

నేరుగా ఏటీపీ తయారయ్యే చోట్లు లేకపోలేదు. గ్లూకోజ్ రెండు పైరువేట్లుగా విడిపోయే మొదటి దశ అయిన గ్లైకాలసిస్‌లో నికరంగా 2, క్రెబ్స్ వలయంలో 2 (అక్కడ చాలా కణాల్లో ఏటీపీ లాంటిదే అయిన జీటీపీగా వస్తుంది, విలువ అంతే), మొత్తం 4. ఇప్పటి లెక్కలో గరిష్ఠంగా వచ్చే 32లో మిగిలిన 28 వాహకాల మీదుగా వచ్చినవే.

అన్నట్టు, ఈ ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కనుగొన్నారు. తెలుగులో ఈ పాఠం చెబుతూ ఆ పేరు చెప్పకుండా ముందుకెళ్లడం నాకు మనసొప్పదు.

3. వాహకాలు లేకపోతే పని జరగదని మొదట ఎలా తెలిసింది?

ఈస్ట్ రసం నుంచి. 1906లో ఆర్థర్ హార్డెన్, విలియం యంగ్ అనే ఇద్దరు ఈస్ట్ కణాలను పిండి తీసిన రసాన్ని చాలా సన్నని వడపోత గుండా పంపారు. పెద్ద అణువులు పైన మిగిలిపోయాయి, చిన్నవి కిందికి దిగాయి. పైన ఉన్నది ఒక్కటీ చక్కెరను పులియబెట్టలేకపోయింది, కింద ఉన్నదీ పులియబెట్టలేకపోయింది, రెండూ కలిపితే మళ్లీ బుడగలు మొదలయ్యాయి. ఇంకో సంగతి, పై భాగాన్ని మరిగిస్తే పాడైపోయింది, కింది భాగం మాత్రం మరిగించినా పనిచేసింది. పైన ఉన్నవి ఎంజైమ్‌లు. కింద ఉన్న చిన్న అణువుల్లో ముఖ్యమైనదే తర్వాతి కాలంలో ఎన్ఏడీగా తేలింది. ఎంజైమ్ ఒక్కటే సరిపోదు, దాని చేతిలోంచి అందుకుని పట్టుకెళ్లేది కూడా ఉండాలని ఆ రెండు పాత్రలే చెప్పాయి. హార్డెన్‌కి 1929లో నోబెల్ వచ్చింది.

4. ఒక గ్లూకోజ్ నుంచి ఎన్ని వాహకాలు నిండుతాయి?

గ్లైకాలసిస్‌లో 2 ఎన్ఏడీహెచ్ వస్తాయి, ఇవి కణద్రవ్యంలో ఉంటాయి. రెండు పైరువేట్లు మైటోకాండ్రియా లోపలికి వెళ్లి క్రెబ్స్ వలయంలోకి వెళ్లే ఎసిటైల్ కోఏగా మారేటప్పుడు 2 ఎన్ఏడీహెచ్. క్రెబ్స్ వలయం రెండుసార్లు తిరిగితే 6 ఎన్ఏడీహెచ్, 2 ఎఫ్ఏడీహెచ్2. వెరసి 10 ఎన్ఏడీహెచ్, 2 ఎఫ్ఏడీహెచ్2.

దీన్ని బట్టీ పట్టకుండా సరిచూసుకునే దారి ఒకటుంది. 12 వాహకాలు, ఒక్కోదాంట్లో రెండు ఎలక్ట్రాన్లు, మొత్తం 24. గొలుసు చివర ఒక ఆక్సిజన్ అణువు నీరుగా మారడానికి 4 ఎలక్ట్రాన్లు కావాలి, అంటే 24 ఎలక్ట్రాన్లకు 6 ఆక్సిజన్ అణువులు. చిన్న తరగతుల నుంచీ రాస్తున్న శ్వాసక్రియ సమీకరణంలో గ్లూకోజ్ పక్కన ఉండే 6 ఆక్సిజన్లు ఇవే. ఎన్నిసార్లు చెప్పినా ఈ లెక్క కుదిరిన క్షణం నాకు సంతోషంగానే ఉంటుంది. మనం పీల్చే ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం ఈ వాహకాలను ఖాళీ చేయడానికే ఖర్చవుతుంది.

5. ఎన్ఏడీహెచ్‌కి 2.5, ఎఫ్ఏడీహెచ్2కి 1.5 ఎందుకు?

వాటి ఎలక్ట్రాన్లు గొలుసులో ఎక్కే చోటు వేరు కాబట్టి. ఇదొక్కటి అర్థమైతే చాలు.

గొలుసులో ప్రోటాన్లను పొర బయటికి తోసే పంపులు మూడున్నాయి: కాంప్లెక్స్ 1, 3, 4. రెండు ఎలక్ట్రాన్లు వీటి గుండా వెళ్తే కాంప్లెక్స్ 1 దగ్గర 4 ప్రోటాన్లు, కాంప్లెక్స్ 3 దగ్గర 4, కాంప్లెక్స్ 4 దగ్గర 2 బయటికి వెళ్తాయి. ఎన్ఏడీహెచ్ తన ఎలక్ట్రాన్లను కాంప్లెక్స్ 1కి ఇస్తుంది, కాబట్టి మూడు పంపులూ తిరుగుతాయి, 10 ప్రోటాన్లు. సక్సినేట్ నుంచి ఎఫ్ఏడీ మీదుగా వచ్చినవి కాంప్లెక్స్ 2 ద్వారా నేరుగా కోఎంజైమ్ క్యూలో దిగుతాయి. కాంప్లెక్స్ 2 పంపు కాదు, ఒక్క ప్రోటాన్‌ను కూడా తోయదు. కాంప్లెక్స్ 1 వెనకే ఉండిపోయింది. అందువల్ల మిగిలిన రెండు పంపులకు 6 ప్రోటాన్లే.

ఇలా బయట చేరిన ప్రోటాన్లు ఏటీపీ సింథేజ్ గుండా లోపలికి దూకుతాయి. ఒక ఏటీపీ తయారై కణద్రవ్యానికి చేరడానికి సుమారు 4 ప్రోటాన్లు పడతాయి. 10ని 4తో భాగిస్తే 2.5. 6ని 4తో భాగిస్తే 1.5.

వోల్టుల్లో చూసినా ఇదే కనిపిస్తుంది. ఎన్ఏడీహెచ్ ప్రామాణిక క్షయకరణ పొటెన్షియల్ (ఎలక్ట్రాన్లను ఎంత బలంగా లాగుతుందో చెప్పే కొలత) మైనస్ 0.32 వోల్టులు, ఆక్సిజన్‌ది ప్లస్ 0.82. మధ్య తేడా 1.14 వోల్టులు, అంటే రెండు ఎలక్ట్రాన్లు కిందికి దిగితే మోల్‌కు సుమారు 220 కిలోజౌల్స్. సక్సినేట్ మాత్రం ప్లస్ 0.03 దగ్గర ఉంటుంది, అక్కడి నుంచి ఆక్సిజన్ దాకా దిగితే సుమారు 150 కిలోజౌల్స్ వస్తాయి. పై మెట్టు నుంచి దూకినవాటికీ మధ్య మెట్టు నుంచి దూకినవాటికీ ఉన్న తేడా ఇది.

6. అంటే ఎఫ్ఏడీహెచ్2 బలహీనమైన వాహకం అనుకోవాలా?

అలా అనుకోవడమే ఈ పాఠంలో అందరూ చేసే పొరపాటు. పేరును బట్టి విలువ రాదు, ఎక్కే చోటును బట్టి వస్తుంది. మూడు సంగతులు చెబుతాను, చూడండి.

పైరువేట్‌ను ఎసిటైల్ కోఏగా మార్చే పెద్ద ఎంజైమ్ సముదాయంలో చివరి భాగానికి ఎఫ్ఏడీ అతుక్కుని ఉంటుంది. అదీ ఎలక్ట్రాన్లు తీసుకుని ఎఫ్ఏడీహెచ్2 అవుతుంది, కానీ వెంటనే వాటిని ఎన్ఏడీ ప్లస్‌కి ఇచ్చేస్తుంది. కాబట్టి ఆ ఎఫ్ఏడీ మీదుగా వెళ్లిన జతకు 2.5 వస్తుంది. అదే ఎఫ్ఏడీ, విలువ మాత్రం వేరు.

రెండోది ఈస్ట్. రొట్టెల్లో వాడే ఈస్ట్ మైటోకాండ్రియాలో కాంప్లెక్స్ 1 లేదు. దాని బదులు ఎన్ఏడీహెచ్ నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుని కోఎంజైమ్ క్యూకి ఇచ్చే ఒంటరి ఎంజైమ్‌లు ఉన్నాయి, అవి ప్రోటాన్లను తోయవు. అక్కడ ఎన్ఏడీహెచ్‌కి కూడా 6 ప్రోటాన్లే. మనం ఎఫ్ఏడీహెచ్2కి వేసే మార్కులే ఈస్ట్‌లో ఎన్ఏడీహెచ్‌కి వేయాలి.

మూడోది మన కణాల్లోనే, కణద్రవ్యంలో తయారైన ఎన్ఏడీహెచ్ కథ. అది తొమ్మిదో ప్రశ్నలో వస్తుంది.

ఇక సక్సినేట్ దగ్గర కణం ఎఫ్ఏడీనే ఎందుకు పెట్టుకుందంటే, వేరే దారి లేక. ప్లస్ 0.03 దగ్గర ఉన్న ఎలక్ట్రాన్లు తమంతట తాము మైనస్ 0.32కి ఎక్కలేవు. ఎన్ఏడీ ప్లస్‌ని అక్కడ పెడితే చర్య దాదాపుగా ముందుకే కదలదు. లోటు వాహకంలో లేదు, సక్సినేట్ ఎలక్ట్రాన్లు ఉన్న ఎత్తే అంత.

7. ఏటీపీ అణువు సగం ఎలా ఉంటుంది? 2.5 అంటే అర్థం ఏమిటి?

సగం అణువు ఉండదు. ఇది సగటు. రెండు ఎన్ఏడీహెచ్‌లకు 5 అని చదువుకోండి.

ఇంకాస్త లోపలికి వెళ్తే ఇది మరీ ఆసక్తిగా ఉంటుంది. ఏటీపీ సింథేజ్ నిజంగానే తిరిగే యంత్రం. పొరలో చక్రంలా అమరిన సి ఉపభాగాలు ఉంటాయి, ఒక్కో ప్రోటాన్ ఒక్కో ఉపభాగాన్ని ముందుకు జరుపుతుంది, చక్రం ఒక చుట్టు పూర్తయితే 3 ఏటీపీలు రాలతాయి. ఆవు లాంటి క్షీరదాల మైటోకాండ్రియాలో ఆ చక్రానికి 8 ఉపభాగాలు, ఈస్ట్‌లో 10. క్షీరదాల్లో 8 ప్రోటాన్లకు 3 ఏటీపీలు కాబట్టి ఒక్కోదానికి 2.67 ప్రోటాన్లు. ఫాస్ఫేట్‌ను లోపలికి తెచ్చుకుని, ఏడీపీని (ఫాస్ఫేట్ చేరితే ఏటీపీ అయ్యే అణువు) లోపలికీ ఏటీపీని బయటికీ మార్చుకోవడానికి ఇంకో ప్రోటాన్ ఖర్చు. మొత్తం 3.67. ఈ అంకెతో భాగిస్తే ఎన్ఏడీహెచ్‌కి 2.7, ఎఫ్ఏడీహెచ్2కి 1.6 వస్తాయి. చక్రంలో పళ్లు ఎన్నున్నాయన్న దాన్ని బట్టి ఒక్కో జీవిలో ఏటీపీ లెక్క కొద్దిగా మారుతుంది. ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో తేల్చినందుకు పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు 1997లో రసాయనశాస్త్ర నోబెల్‌లో భాగం వచ్చింది.

8. మరి పాత పుస్తకాల్లో 3, 2, 36, 38 ఎక్కడి నుంచి వచ్చాయి?

తప్పుగా ఊహించి రాసినవి కావు అవి. మైటోకాండ్రియాను వేరుచేసి, ఎంత ఆక్సిజన్ ఖర్చయితే ఎంత ఫాస్ఫేట్ ఏటీపీలోకి చేరిందో కొలిచేవాళ్లు. ఎన్ఏడీహెచ్ విషయంలో 3కి, ఎఫ్ఏడీహెచ్2 విషయంలో 2కి దగ్గరగా వచ్చేది. అప్పట్లో అందరి నమ్మకం ఏమిటంటే, గొలుసులో మూడు చోట్ల ఏదో రసాయన మధ్యస్థం తయారై, ఒక్కోచోట సరిగ్గా ఒక్కో ఏటీపీ వస్తుందని. అలా అయితే పూర్ణాంకాలే రావాలి, అందుకే కొలతను కూడా దగ్గరి పూర్ణాంకానికి సర్దేశారు.

1961లో పీటర్ మిచెల్ అలాంటి మధ్యస్థమే లేదు, పొరకు రెండు వైపులా ప్రోటాన్ల తేడాయే ఏటీపీని తయారుచేస్తుందన్నాడు. ఏళ్ల తరబడి ఎవరూ ఒప్పుకోలేదు, చివరికి 1978లో నోబెల్ ఆయనకే వచ్చింది. మధ్యలో ప్రోటాన్లు ఉన్నాయని తేలాక పూర్ణాంకం రావాల్సిన అవసరమే పోయింది. తర్వాత జాగ్రత్తగా చేసిన కొలతలు 2.5, 1.5 దగ్గర నిలబడ్డాయి.

9. 30 నా, 32 నా? ఒకే గ్లూకోజ్‌కి రెండు జవాబులెందుకు?

గ్లైకాలసిస్‌లో వచ్చిన 2 ఎన్ఏడీహెచ్‌ల వల్ల. మైటోకాండ్రియా లోపలి పొర ఎన్ఏడీహెచ్‌ను లోపలికి రానివ్వదు. అణువు బయటే ఉంటుంది, దాని ఎలక్ట్రాన్లు మాత్రం వేరేవాళ్ల చేతి మీదుగా లోపలికి వెళ్లాలి. దానికి రెండు దారులున్నాయి.

మొదటిది మాలేట్-ఆస్పార్టేట్ షటిల్. బయట ఎన్ఏడీహెచ్ తన ఎలక్ట్రాన్లను ఆక్సాలోఎసిటేట్‌కి ఇస్తే అది మాలేట్ అవుతుంది, మాలేట్ లోపలికి వెళ్లి అక్కడున్న ఎన్ఏడీ ప్లస్‌కి ఇచ్చేస్తుంది. లోపల మళ్లీ ఎన్ఏడీహెచ్ తయారైంది కాబట్టి 2.5. కాలేయం, గుండె, మూత్రపిండాల్లో ముఖ్యంగా ఈ దారే.

రెండోది గ్లిసరాల్ ఫాస్ఫేట్ షటిల్. ఇక్కడ ఎలక్ట్రాన్లు లోపలి పొర బయటి వైపున అతుక్కుని ఉన్న ఒక ఎంజైమ్‌లోని ఎఫ్ఏడీకి చేరి, అక్కడి నుంచి కోఎంజైమ్ క్యూలో దిగుతాయి. కాంప్లెక్స్ 1 తప్పిపోయింది, కాబట్టి 1.5. అస్థి కండరాల్లో, మెదడులో ఇది ఎక్కువగా పనిచేస్తుందని పుస్తకాలు చెబుతాయి. ఈగల్లాంటి కీటకాల రెక్కల కండరాల్లో అయితే ఇది చాలా జోరుగా నడుస్తుంది.

ఇప్పుడు కూడదాం. మైటోకాండ్రియా లోపలే పుట్టిన 8 ఎన్ఏడీహెచ్‌లకు 20, ఎఫ్ఏడీహెచ్2లకు 3, నేరుగా వచ్చినవి 4, మొత్తం 27. బయటి రెండు ఎన్ఏడీహెచ్‌లు మొదటి దారిలో వస్తే 5 కలిపి 32, రెండో దారిలో వస్తే 3 కలిపి 30. పాత అంకెలతో ఇదే లెక్క చేస్తే 38, 36 వస్తాయి. నాలుగు జవాబులూ ఒకే లెక్క నుంచి వచ్చినవే.

నష్టం వచ్చే దారిని కణం ఎందుకు ఉంచుకుందని ఒక విద్యార్థిని అడిగింది, చాలా మంచి ప్రశ్న. మైటోకాండ్రియా లోపల ఎన్ఏడీ ప్లస్‌తో పోలిస్తే ఎన్ఏడీహెచ్ నిష్పత్తి బయటికంటే బాగా ఎక్కువ. అంత నిండిన చోటికి ఎలక్ట్రాన్లను తోయడం ఎదురీత. ఎఫ్ఏడీ దారిలో ఎలక్ట్రాన్లు కిందికి దిగుతాయి కాబట్టి వేగంగా, వెనక్కి తిరగకుండా వెళ్లిపోతాయి. ఒక్కో జతకు ఒక ఏటీపీ వదులుకుని వేగం కొనుక్కున్నట్టు. రెక్కలు ఆడించే కండరానికి ఆ బేరం గిట్టుబాటే.

10. ఆక్సిజన్ అందకపోతే వాహకాలకు ఏమవుతుంది?

అన్నీ నిండిపోయి ఆగిపోతాయి. గొలుసు చివర తీసుకునేవాడు లేడు, సైటోక్రోమ్ సి నిండింది, దాని వెనక కోఎంజైమ్ క్యూ నిండింది, దాని వెనక ఎన్ఏడీహెచ్ ఖాళీ కాలేక నిలబడింది. చాలామంది ఆక్సిజన్ లేకపోతే గొలుసు ఆగుతుంది అంతే అనుకుంటారు. అసలు ఇబ్బంది ఖాళీ ఎన్ఏడీ ప్లస్ దొరకకపోవడం. అది లేకపోతే ఆక్సిజన్‌తో సంబంధమే లేని గ్లైకాలసిస్ కూడా ఎన్ఏడీ ప్లస్ అవసరమయ్యే గ్లిసరాల్డిహైడ్-3-ఫాస్ఫేట్ మెట్టు దగ్గర నిలిచిపోతుంది.

అందుకే కండరం పైరువేట్‌ను లాక్టేట్‌గా మారుస్తుంది, ఈస్ట్ ఇథనాల్‌గా మారుస్తుంది. ఆ మెట్టులో ఒక్క ఏటీపీ కూడా రాదు, ఎన్ఏడీహెచ్ ఖాళీ అవుతుంది, అంతే, దానికోసమే ఆ మెట్టు. గ్లూకోజ్‌కి 2 ఏటీపీలతో సరిపెట్టుకోవాలి. మన ఎర్ర రక్తకణాలకు మైటోకాండ్రియా లేవు, అవి బతికినన్నాళ్లూ ఆ రెండింటితోనే బతుకుతాయి.

సైనైడ్ చేసేదీ ఇదే, కాకపోతే ఆక్సిజన్ ఎదురుగా ఉండగానే చేస్తుంది. కాంప్లెక్స్ 4లో ఆక్సిజన్ కూర్చోవాల్సిన ఇనుము దగ్గర అది కూర్చుంటుంది. రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా కణం వాడుకోలేదు.

11. ఇదంతా కళ్లతో చూసే దారి ఉందా?

ఉంది, పైగా పెద్ద ఖర్చు కూడా లేదు. గోరువెచ్చని నీళ్లలో ఈస్ట్, కొంచెం గ్లూకోజ్ కలిపి పరీక్షనాళికలో పోసి, మిథిలీన్ బ్లూ రెండు చుక్కలు వేయండి. ద్రవం నీలంగా ఉంటుంది. కదపకుండా గోరువెచ్చగా ఉంచితే కొన్ని నిమిషాల్లో రంగు కింది నుంచి పలచబడుతూ పాలిపోతుంది. ఈస్ట్ లోపల వాహకాలు మోసుకొచ్చిన ఎలక్ట్రాన్లలో కొన్నింటిని ఈ రంగు లాక్కుంటుంది, లాక్కున్నాక అది రంగులేనిదవుతుంది. ఇప్పుడు నాళిక పైఅంచు దగ్గరగా చూడండి, గాలి తగిలే చోట సన్నని నీలి ఉంగరం మిగిలి ఉంటుంది. అక్కడ ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను తిరిగి తీసేసుకుంటోంది. మూత పెట్టి గట్టిగా కుదిపితే మొత్తం మళ్లీ నీలం, ఆపితే మళ్లీ పాలిపోవడం. ఒక తరగతిలో ఇది చేసినప్పుడు వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని అబ్బాయి లేచి, "సార్, ఇప్పుడు ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ దగ్గరికి పోయాయి కదా" అన్నాడు. ఆ పీరియడ్‌కి అది చాలు.

స్పెక్ట్రోఫోటోమీటర్ ఉన్న ల్యాబ్ అయితే ఇంకా సూటిగా చూడొచ్చు. ఎన్ఏడీహెచ్ 340 నానోమీటర్ల కాంతిని పీల్చుకుంటుంది, ఎన్ఏడీ ప్లస్ పీల్చుకోదు. చర్య నడుస్తుంటే ఆ రీడింగ్ పెరగడమో తగ్గడమో చూసి ఎన్ని వాహకాలు నిండాయో, ఎన్ని ఖాళీ అయ్యాయో లెక్క కట్టొచ్చు. రక్తపరీక్షల్లో లాక్టేట్ డీహైడ్రోజినేజ్ లాంటి ఎంజైమ్‌లను కొలిచేది ఈ పద్ధతిలోనే.

12. కొవ్వు నుంచి అంత ఎక్కువ శక్తి ఎందుకు?

ఎక్కువ వాహకాలను నింపుతుంది కాబట్టి. 16 కార్బన్ల పామిటేట్ పూర్తిగా విడిపోతే 31 ఎన్ఏడీహెచ్, 15 ఎఫ్ఏడీహెచ్2, 8 జీటీపీ వస్తాయి. 77.5, 22.5, 8 కలిపితే 108. మొదట్లో దాన్ని సిద్ధం చేయడానికి 2 ఏటీపీలతో సమానమైన ఖర్చుంది, అది తీసేస్తే 106. ఇక్కడా సరిచూసుకోండి: 46 వాహకాలు, 92 ఎలక్ట్రాన్లు, 23 ఆక్సిజన్ అణువులు. సమీకరణంలోనూ 23 ఉంటుంది.

ఒక్కో కార్బన్‌కి లెక్కేస్తే గ్లూకోజ్‌కి 5.3, పామిటేట్‌కి 6.6. గ్లూకోజ్‌లో కార్బన్లకు ముందే ఆక్సిజన్ తగిలి ఉంది, అంటే కొంత ఆక్సీకరణం అయిపోయే వచ్చింది. కొవ్వు ఆమ్లం గొలుసు నిండా హైడ్రోజన్లే.

13. వాహకాలు అన్నీ సరిగ్గా నిండినా ఏటీపీ రాకపోవడం ఉంటుందా?

ఉంటుంది. ప్రోటాన్లు ఏటీపీ సింథేజ్ గుండా కాకుండా వేరే కన్నం గుండా లోపలికి జారిపోతే శక్తి వేడిగా మారుతుంది. అప్పుడే పుట్టిన పిల్లల్లో, శీతాకాలమంతా నిద్రపోయే జంతువుల్లో గోధుమ కొవ్వు కణాలు కావాలనే ఈ పని చేస్తాయి, వాటి మైటోకాండ్రియాలో యూసీపీ1 అనే ప్రోటీన్ ప్రోటాన్లకు దారి వదులుతుంది. ఒళ్లు వెచ్చగా ఉండటానికి.

డైనైట్రోఫినాల్ అనే రసాయనం ఇదే పనిని ఒళ్లంతా, అదుపు లేకుండా చేస్తుంది. 1930లలో అమెరికాలో బరువు తగ్గే మందుగా అమ్మారు, కంటి శుక్లాలు వచ్చాయి, శరీరం వేడెక్కిపోయి మనుషులు చనిపోయారు, 1938లో ఆపేశారు. ఇప్పటికీ ఎక్కడైనా ఆ పేరుతో పొడి కనిపిస్తే ముట్టుకోవద్దు. దానికి విరుగుడు లేదు.

14. బీ విటమిన్ మాత్రలు వేసుకుంటే ఏటీపీ పెరుగుతుందా?

ఎన్ఏడీ తయారవడానికి నియాసిన్ అంటే బీ3, ఎఫ్ఏడీకి రైబోఫ్లావిన్ అంటే బీ2 కావాలి. నియాసిన్ లోపం ముదిరితే పెల్లగ్రా అనే జబ్బు వస్తుంది. లోపం ఉన్నవాళ్లకు అందిస్తే మేలు జరుగుతుంది, అందులో అనుమానం లేదు. లోపం లేనివాళ్లు ఎంత వేసుకున్నా ఒక గ్లూకోజ్‌కి వచ్చే ఏటీపీ పెరగదు. వాహకాలు ఖర్చయిపోయేవి కావు, ఒకే అణువు నిండుతూ ఖాళీ అవుతూ తిరుగుతూనే ఉంటుంది, ఎన్ని ఏటీపీలు రావాలో తేల్చేది పంపులు.

15. ఎన్ఏడీపీహెచ్ కూడా ఇందులో భాగమేనా?

కాదు. పేరులో ఒక ఫాస్ఫేట్ తేడా, పనిలో చాలా తేడా. అది కొవ్వు ఆమ్లాల్లాంటివి కట్టడానికి ఎలక్ట్రాన్లు ఇస్తుంది, ఏటీపీ లెక్కలో దాన్ని కలపకండి.

16. బ్యాక్టీరియాకి షటిల్ ఖర్చు లేదు కాబట్టి 38 వస్తాయా?

షటిల్ ఖర్చు లేని మాట నిజం, వాటికి మైటోకాండ్రియానే లేవు. కానీ అన్ని బ్యాక్టీరియాల గొలుసూ మనలాంటిది కాదు. ఇ. కోలైలో కాంప్లెక్స్ 3 లేదు, ఎలక్ట్రాన్లు క్వినోన్ (మన కోఎంజైమ్ క్యూ లాంటి వాహకం) నుంచి నేరుగా చివరి ఎంజైమ్‌కి వెళ్తాయి. ఒక పంపు తగ్గితే ప్రోటాన్లు తగ్గుతాయి, ఏటీపీలూ తగ్గుతాయి. గుడ్డిగా 38 వేయొద్దు.

17. బతికున్న కణంలో నిజంగా 32 వస్తాయా?

చాలా అరుదు. లోపలి పొర పూర్తిగా బిగుతుగా ఉండదు, కొన్ని ప్రోటాన్లు ఊరికే కారిపోతాయి. ఇంకొన్ని కాల్షియంలాంటి వాటిని లోపలికి, బయటికి చేరవేసే పనిలో ఖర్చవుతాయి. క్రెబ్స్ వలయం మధ్యలోంచి అణువులను అమైనో ఆమ్లాల తయారీకి లాగేస్తే ఆ మేరకు వాహకాలు నిండవు. 30, 32 అన్నవి అంతా సవ్యంగా జరిగితే వచ్చే అంకెలు. ప్రామాణిక లెక్కలో 32 ఏటీపీలంటే గ్లూకోజ్ శక్తిలో సుమారు 34 శాతం, కణం లోపలి అసలు గాఢతలతో చూస్తే అంతకంటే బాగానే ఎక్కువ.

18. పరీక్షలో ఏ అంకె రాయాలి?

టెన్షన్ పడకండి, మీ పాఠ్యపుస్తకం ఏ విలువలు వాడితే అవే వాడండి. 3, 2 ఇచ్చి ఉంటే 38 లేదా 36, 2.5, 1.5 ఇచ్చి ఉంటే 32 లేదా 30. అంకె ఒక్కటే రాసి వదిలేయకుండా 10 ఎన్ఏడీహెచ్, 2 ఎఫ్ఏడీహెచ్2, నేరుగా 4 అని ముందు రాసి, ఒక్కోదాన్ని ఎంతతో గుణించారో పక్కనే చూపించి, ఏ షటిల్ అనుకున్నారో ఒక్క ముక్క రాయండి. దిద్దేవాళ్ల దగ్గర వేరే జవాబు ఉన్నా మీ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో కనిపిస్తుంది.